‘ఇర్యాటిక్’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ కొట్టేయాలి? అనంతపురం వానల నివేదికతో మొదలైన చర్చ

బుడ్డలచేను

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లా శెనక్కాయ రైతుల మీద ఇంగ్లీషులో పది పేజీల నివేదిక ఒకటి తయారవుతాంది. వాన ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ‘ఎరాటిక్’ (erratic) అనే మాట పడింది. లెక్కపెడితే పదకొండు సార్లు. వాన ఎరాటిక్, కరెంటు ఎరాటిక్, ధర ఎరాటిక్. చివరి పేజీలో ‘వచ్చే ఏడాది దిగుబడి ఎరాటిక్’ అని కూడా ఉండాది. అన్‌ప్రెడిక్టబుల్‌కీ దీనికీ తేడా ఏంది? అన్నిచోట్లా ఇదే ఉంచచ్చునా? తెలుగులో సారాంశం కూడా ఇయ్యాల. ‘అస్థిరమైన వర్షపాతం’ అని రాస్తే చదివే రైతుకు అందులో వాన కనపడదు. తెలిసినోళ్లు చెప్పండప్పా.

పెన్నేరు

ముందు ఆ చివరి వాక్యం కొట్టేయండి. అసలు కిటుకు అక్కడే ఉంది.

ఎరాటిక్ అన్న మాట వెనక్కి చూస్తుంది. అన్‌ప్రెడిక్టబుల్ ముందుకు చూస్తుంది. ఎరాటిక్ అనాలంటే ఇప్పటికే ఒక జాడ పడి ఉండాలి. అది బండి చక్రాల జాడ కావచ్చు, వానల రిజిస్టరు కావచ్చు, హాజరు పట్టీ కావచ్చు. ఆ జాడను చూసి ‘దీనికొక తీరూ తెన్నూ లేదు’ అని చెప్పే మాట అది. వచ్చే ఏడాది దిగుబడికి ఇంకా జాడే పడలేదు. దాన్ని అన్‌ప్రెడిక్టబుల్ అనాలి, లేదా అన్‌సర్టెన్ అనాలి.

దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీరు చెప్పేదాన్ని కాగితం మీద చుక్కలుగా పెట్టగలరా? నాలుగైదు చుక్కలైనా ఉండి, వాటిని కలిపిన గీత ఇష్టమొచ్చినట్టు ఎగిరి పడుతుంటే ఎరాటిక్. చుక్క ఒక్కటే ఉంటే ఆ మాట పనికిరాదు. ‘ఎరాటిక్ యాక్సిడెంట్’, ‘ఎరాటిక్ ప్రశ్న’ అని ఎవరూ అనరు. యాక్సిడెంటు ఒక్కసారి జరిగి ఊరుకుంటుంది. ఎరాటిక్ డ్రైవింగ్ అంటారు, ఎందుకంటే బండి కాసేపు అలా నడిచింది.

రెండో సంగతి, ఈ మాటలో కొంచెం నిష్ఠూరం ఉంటుంది. ఉండాల్సిన క్రమం ఒకటి ఉంది, అది తప్పింది అనే ధ్వని. సీతాకోకచిలుక ఎగిరే తీరుకు ఫిర్యాదు లేకుండానే వాడతారు గానీ, నివేదికల్లో మటుకు ఇది ఫిర్యాదు మాటే.

దేవునికడప

అర్థం సంగతి తర్వాత. ముందు నోరు సరిచేసుకుందాం. ఇది చాలామంది మొహమాటపడి చెప్పరు.

‘ఎరాటిక్’, ‘ఇరాటిక్’ అని పలకొద్దు. రెండో అక్షరం ‘రా’ కాదు, ‘ర్యా’. బ్యాంకులో ‘బ్యా’, ట్యాంకులో ‘ట్యా’ ఎట్లనో అట్ల. ఇ–ర్యా–టిక్. ఊనిక ‘ర్యా’ మీద పడాలి. ‘ఇరాటిక్’ అని దీర్ఘం తీస్తే అమెరికా వాళ్ల చెవికి శృంగారానికి సంబంధించిన ఇంకో మాట వినపడుతుంది. ‘ఇరొటిక్’ అన్నా అంతే, బ్రిటిష్ వాళ్లు ఆ మాటను అట్లే పలుకుతారు. సభలో అనంతపురం వానల మీద మాట్లాడేటప్పుడు ఆ మాట దొర్లితే వానలు పక్కకు పోయి నవ్వులు మిగుల్తాయి.

స్పెల్లింగులో ఆర్ రెండు, టీ ఒకటి. ఆర్ ఒకటే వేసి టీ రెండు కొట్టడం మామూలుగా జరిగే పొరపాటు. ఎర్రర్ అనే మాటలో ఆర్‌లు జంటగా ఉంటాయి గదా, రెండూ ఒకే ఇంటివని గుర్తుపెట్టుకుంటే చాలు.

హంద్రీగట్టు

ఒకే ఇంటివి అన్నారు కాబట్టి ఆ ఇల్లు చూపిస్తా. లాటిన్‌లో ‘ఎర్రారే’ అంటే దారీ తెన్నూ లేకుండా తిరగడం. తిరగడం నుంచి దారి తప్పడం, అక్కడినుంచి తప్పు చేయడం. ఎర్రర్ అక్కడిదే. పుస్తకం చివర తప్పొప్పుల పట్టికకు పెట్టే ‘ఎర్రాటా’ అక్కడిదే. మామూలు దారి నుంచి పక్కకు పోవడం అనే అర్థమున్న అబెరేషన్ కూడా ఆ ఇంటిదే. ఇర్యాటిక్‌లో మటుకు పాత అర్థమైన ‘తిరుగుడు’ ఇంకా మిగిలుంది. తప్పు చేసినదాన్ని ఇర్యాటిక్ అనరు, ఒక దారిన పోనిదాన్ని అంటారు. లెక్క తప్పిన క్యాషియర్ ఇర్యాటిక్ కాదు. ఒకరోజు పది గంటలకు, ఒకరోజు పన్నెండుకు, ఒకరోజు అసలు తెరవని కౌంటరు ఇర్యాటిక్.

పాతకాలంలో గ్రహాలను కూడా ఈ మాటతో పిలిచేవారు. చుక్కలన్నీ ఒకదానికొకటి కదలకుండా ఉంటే, ఇవి మాత్రం వాటి నడుమ తిరుగుతూ కనిపిస్తాయి కాబట్టి. గ్రీకులో ప్లానెట్ అన్న మాటకూ తిరుగుబోతు అనే అర్థం. మనవాళ్లు మాత్రం ‘గ్రహం’ అన్నారు, అంటే పట్టుకునేది. వాళ్లకు తిరిగేదిగా కనపడింది, మనకు పట్టుకునేదిగా.

నామవాచకంగా ఈ మాటకు భూగర్భశాస్త్రంలో ఒకే ఒక్క అర్థం ఉంది. హిమానీనదం ఎక్కడినుంచో మోసుకొచ్చి వదిలేసిన బండను ఇర్యాటిక్ అంటారు. కింద ఉన్న రాయి ఒక జాతి, పైన కూర్చున్న బండ ఇంకో జాతి. దీన్ని చదివి పెనుకొండ, హంపి దారుల్లో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లకు ఈ పేరు పెట్టొద్దు. అవి ఎక్కడినుంచీ రాలేదు. అక్కడి రాయే పగుళ్ల వెంట నీళ్లు దిగి, మూలలు అరిగి, మట్టి కొట్టుకుపోయి గుండ్లుగా తేలింది. కింద రాయి, పైన గుండు ఒకటే జాతి. టూరిజం కరపత్రాలు రాసేవాళ్లకు ఈ ముక్క అవసరం.

బురుజు

వాన దగ్గరికి రండి సార్, నివేదిక దాని మీద గదా.

అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మి.మీ. దరిదాపు. అందులో నైరుతి నాలుగు నెలల వాటా 340కి అటూ ఇటూ. వాతావరణ శాఖ సీజను మొత్తాన్ని సగటుతో పోల్చి, 19 శాతం తక్కువ నుంచి 19 శాతం ఎక్కువ దాకా ‘నార్మల్’ అంటుంది. 20 నుంచి 59 శాతం దాకా తగ్గితే ‘డెఫిసియెంట్’. 60 శాతం, ఆపైన తగ్గితే ‘లార్జ్ డెఫిసియెంట్’. ఇవి మొత్తానికి సంబంధించిన మాటలు. ఇర్యాటిక్ అనేది మొత్తం గురించి కాదు, పంపకం గురించి.

ఊహకు రెండు మండలాలు తీసుకోండి. మొదటిదాంట్లో జూన్ 65, జులై 70, ఆగస్టు 85, సెప్టెంబరు 120. మొత్తం 340. రెండోదాంట్లో జూన్ 140, జులై 10, ఆగస్టు 25, సెప్టెంబరు 165. మొత్తం అదే 340. శాఖ లెక్కలో రెండూ నార్మలే. రెండో మండలం రైతు జూన్ వానకు పదును దొరికిందని విత్తనం వేసుకుంటాడు. పూత నుంచి నేలలోకి ఊడలు దిగే వేళకు నేల ఇటుకలా గట్టిపడి ఊడ లోపలికి పోదు. పోయినా కాయ ఊరదు. పెరికే ముందు సెప్టెంబరు వాన దంచితే కాయ చేన్లోనే మొలకెత్తుతుంది. ‘వాన నార్మల్, పంట లేదు’ అనే చిత్రం అట్ల జరుగుతుంది. ఆ మండలానికి ‘నార్మల్ బట్ ఇర్యాటిక్’ అని రాస్తే ఆ నాలుగు నెలల గోసంతా మూడు మాటల్లో పడుతుంది.

మీ నివేదికలో పదకొండిట్లో ఎన్ని నిజానికి ‘తక్కువ వాన’ అని చెప్పబోయి ఇర్యాటిక్ అన్నవో చూడండి. సగం అవే ఉంటాయి. తక్కువను తక్కువ అనండి.

పెన్నేరు

బురుజు గారి ఉదాహరణ బాగుంది గానీ అందులో ఒక గుంట ఉంది. నెలకూ నెలకూ తేడా ఉన్నంత మాత్రాన ఇర్యాటిక్ కాదు. జులై కంటే సెప్టెంబరులో ఎక్కువ కురవడం అనంతపురంలో మామూలే, అదే ఇక్కడి తీరు. తీరు ఉన్నదాన్ని తీరు లేదనకూడదు. జూన్‌ను జూన్‌తో, జులైని జులైతో పోల్చాలి.

పద్ధతి చెబుతా. ఒకే నెల వాన వరసగా కొన్నేళ్లది తీసుకోండి. నమూనాకి అయిదు అంకెలు: 62, 8, 131, 20, 104. సగటు 65. ఎక్సెల్‌లో స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) తీస్తే 52.8 వస్తుంది. దాన్ని సగటుతో భాగించి నూరుతో గుణిస్తే 81 శాతం. ఇంకో ఊరికి 58, 70, 61, 75, 61 ఉన్నాయనుకోండి. సగటు అదే 65, కానీ శాతం 11. మొదటిదాన్ని ఇర్యాటిక్ అంటే ఎవరూ కాదనలేరు. రెండోదాన్ని అంటే ఎవరూ ఒప్పుకోరు. అయిదేళ్లు చూపించడానికే, నివేదికకు ముప్పై ఏళ్ల అంకెలు పెట్టండి. ఎక్సెల్‌లో ఈ కొలతకు చివర ఎస్, పీ అని ఉండే రెండు సూత్రాలుంటాయి. కొన్నేళ్ల నమూనాకు ఎస్ వాడాలి. పీ వాడితే అంకె చిన్నదవుతుంది, ఇక్కడ 81 శాతం కాస్తా 73కు పడిపోతుంది.

విశేషణం పక్కన ఆ శాతం వేశాక అది దానంతటదే నిలబడుతుంది.

బుడ్డలచేను

ఇది బాగా పట్టుబడింది. మరి ఒక చేను తడిసి గట్టుకవతల చేను తడవని వాన సంగతేంది? దాన్నీ ఇర్యాటిక్ అనే రాసినారు. కరెంటు, ధరల సంగతి కూడా తేల్చండి.

బురుజు

ఆ వాన కాలంలో కాదు, చోటులో చెదిరింది. దానికి ప్యాచీ అనండి. వాతావరణ శాఖ బులెటిన్‌లో దీనికి కొలత ఉంది. వాన కొలిచే కేంద్రాల్లో 25 శాతం లోపు తడిస్తే ‘ఐసొలేటెడ్’, 26 నుంచి 50 దాకా ‘స్కాటర్డ్’, 51 నుంచి 75 దాకా ‘ఫెయిర్లీ వైడ్‌స్ప్రెడ్’, ఆపైన ‘వైడ్‌స్ప్రెడ్’. ఇవి లెక్క గల మాటలు, అలంకారానికి వాడకూడదు.

హంద్రీగట్టు

కరెంటుకు మూడు మాటలున్నాయి, మూడింటికీ మూడు అర్థాలు. చేన్లకు తొమ్మిది గంటల కరెంటును రెండు విడతలుగా, చెప్పిన వేళకే ఇచ్చినారనుకోండి. అది ఇంటర్మిటెంట్. ఆగి ఆగి వస్తుంది, కానీ ఎప్పుడొస్తుందో తెలుసు, మోటారు దగ్గరికి ఆ వేళకే పోతారు. చెప్పిన వేళ ఒకటి, వచ్చే వేళ ఒకటి, రోజుకొక తీరు అయితే ఇర్యాటిక్. వేళకే వచ్చినా ఓల్టేజీ ఎక్కుతూ దిగుతూ ఉంటే ఫ్లక్చుయేటింగ్. మోటారు కాలేది ఈ మూడోదానితో. ‘ఇర్యాటిక్ సప్లై వల్ల మోటార్లు కాలాయి’ అని రాస్తే చదివే ఇంజినీరు ఒప్పుకోడు. బోరు కూడా అంతే, నీళ్లు తగ్గి ఆగి ఆగి పోస్తాంటే ఇంటర్మిటెంట్ అనాలి.

స్పోర్యాడిక్ అనేది వేరే. ఎప్పుడో ఒకసారి, ఎక్కడో ఒకచోట అని. గ్రీకులో విత్తనం చల్లడం అనే మాట నుంచి వచ్చింది. చేతితో చల్లిన గింజలు ఎట్ల పడతాయో అట్ల, దూరం దూరంగా.

ధరలకు వోలటైల్ అనండి. లాటిన్‌లో ఎగరడం. పత్తికొండలో టమోటా, కర్నూలులో ఉల్లి ఎట్ల ఎగిరి పడతాయో చూసినవాళ్లకు ఈ మాటకు వేరే వివరణ అక్కర్లేదు. మార్కెట్ భాషలో ఇది స్థిరపడిన మాట. ఎంత ఎగిరింది, ఎంత పడింది అన్నదాని మీద దృష్టి ఉంటుంది. ఇర్యాటిక్ ప్రైసెస్ అంటే తప్పేమీ కాదు, కానీ అది ‘అంతుపట్టడం లేదు’ అనే మాట మాత్రమే.

ర్యాండమ్ జోలికి పోవద్దు. సర్వేకు ఇళ్లు ఎంచుకునేటప్పుడు ర్యాండమ్ అంటే పద్ధతి ప్రకారం తీసిన చీటీ. అదొక క్రమశిక్షణ, అస్తవ్యస్తం కాదు.

దేవునికడప

క్రికెట్టు లేకుండా ఈ తేడా తెగదు. ‘అన్‌ప్రెడిక్టబుల్ బౌలర్’ అంటే పొగడ్త. ఏ బంతి వేస్తాడో బ్యాట్స్‌మన్‌కు తెలియదు, బౌలర్‌కు తెలుసు. ‘ఇర్యాటిక్ బౌలర్’ అంటే తిట్టు. ఏ బంతి పడుతుందో బౌలర్‌కూ తెలియదు. లెగ్ పక్క ఒకటి, ఆఫ్ బయట ఒకటి, నడుమ ఒక ఫుల్ టాస్. అదుపు ఉండి అంతుపట్టకపోవడం ఒకటి, అదుపే లేకపోవడం ఇంకొకటి. పిచ్ మీద బంతి ఒకసారి లేచి ఒకసారి పడుకుంటే దానికి అన్‌ఈవెన్ బౌన్స్ అనే మాట ఉంది, అది వాడండి.

పెన్నేరు

భలే చెప్పారు. మనుషుల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ‘ఇర్యాటిక్ బిహేవియర్’ అంటే ఇంగ్లీషు చదివేవాళ్లు మద్యం, మత్తు, మతిస్థిమితం అనే దిక్కుగా ఆలోచిస్తారు. ఆఫీసు మెమోలో ఉద్యోగి గురించి ఆ మాట రాస్తే అది పెద్ద ఆరోపణ. పనికి సరిగా రాకపోతే ఇర్రెగ్యులర్ అటెండెన్స్ అని రాసి, కింద తేదీలు వేయండి. నాడి గురించి కూడా డాక్టర్లు ఇర్రెగ్యులర్ అనే అంటారు. గుండె పై గదులు క్రమం లేకుండా వణికే జబ్బులో నాడిని ‘ఇర్రెగ్యులర్లీ ఇర్రెగ్యులర్’ అని రాస్తారు. అంటే ఆ తప్పడంలో కూడా ఒక వరస లేదని.

కప్రీషస్ అనేది అధికారం ఉన్నవాళ్లకు సరిపోయే మాట. మనం ‘ఆయన మర్జీ’ అంటామే, అది. నిన్న ఇచ్చిన అనుమతి ఇయ్యాల లేదంటాడు, కారణం చెప్పడు. మెర్క్యూరియల్ అంటే పాదరసంలాంటి మనిషి, గడియకో మనసు. అందులో చురుకుదనం కూడా ఉంది కాబట్టి పూర్తి తిట్టు కాదు. ఫికిల్ అంటే మాట మీద, మనిషి మీద నిలవని చపలత్వం. వీటిని వానకు పెడితే కవిత్వం అవుతుంది, నివేదిక కాదు.

బుడ్డలచేను

నామవాచకం ఎట్ల చేయాల? ‘ఇర్యాటిక్‌నెస్’, ‘ఇర్యాటిసిటీ’ అని రెండు రకాలూ నివేదికలో ఉండాయి.

హంద్రీగట్టు

రెండోది ఇంగ్లీషులో చెలామణిలో లేదు. మొదటిది నిఘంటువుల్లో దొరికినా చదివేటప్పుడు రాయి తగిలినట్టు ఉంటుంది. ‘ది ఇర్యాటిక్ నేచర్ ఆఫ్ ది రెయిన్స్’ అనండి. అంకెల దగ్గర వేరియబిలిటీ అనండి, శాస్త్రం వాడే మాట అదే. క్రియావిశేషణానికి చివర ఎల్వై ఒక్కటే తగిలిస్తే తప్పు, నడుమ ఏ, ఎల్ రావాలి. పలికేటప్పుడు మటుకు ‘ఇర్యాటిక్లీ’ అనే వినపడుతుంది. అందుకే రాతలో ఆ రెండక్షరాలు ఎగిరిపోతుంటాయి.

‘కంప్లీట్లీ ఇర్యాటిక్’, ‘వెరీ వెరీ ఇర్యాటిక్’ అని బలం పెంచొద్దు. అంకె పెట్టండి.

బురుజు

తెలుగు సారాంశం సంగతి మిగిలింది. ఒక్క మాట వెతకొద్దు, పక్కనున్న నామవాచకాన్ని బట్టి మాట మారాలి. వానకు ‘అదును తప్పిన’. కరెంటుకు ‘వేళాపాళా లేని’. ధరకు ‘నిలకడ లేని’. బండికి ‘అటూ ఇటూ తూలుతూ’. గుండెకు ‘లయ తప్పిన’. బౌలింగుకు ‘లైనూ లెంగ్తూ లేని’. ఇక మాట్లాడుకునే భాషలో ‘ఈసారి వాన తిక్కతిక్కగా కురుస్తాంది’ అంటే సీమలో అర్థం కానివాళ్లు ఉండరు, నివేదికలో రాయలేం గానీ.

కొందరు దీనికి ‘అకాల వర్షాలు’ అని రాస్తాండారు. తప్పు. అకాలం అంటే కాలం కానికాలం, ఏప్రిల్‌లో మామిడి రాల్చే వాన. మన సమస్య సీజన్లోనే సీజను తప్పడం.

పెన్నేరు

‘అదును తప్పిన’ అన్నదానికి చిన్న అభ్యంతరం. అది సాగుతో ముడిపడిన మాట. విత్తే అదునుకు రాకపోతే ఒక్క వానకైనా ఆ మాట చెల్లుతుంది. ఇర్యాటిక్‌కు ఒక్క వాన చాలదని పైన అనుకున్నాం. ‘ఏ ఏడాదికా ఏడాది తీరు మార్చే వాన’ అని కొంచెం పొడుగ్గా చెబితే సరిగ్గా వస్తుంది. శీర్షికకు మాత్రం బురుజు గారిదే బాగుంటుంది.

బుడ్డలచేను

పదకొండిట్లో నాలుగు మిగిలినాయి. మూడు డెఫిసియెంట్ అయినాయి, ఒకటి వోలటైల్, ఒకటి ప్యాచీ, ఒకటి ఫ్లక్చుయేటింగ్. వచ్చే ఏడాది దిగుబడి అన్‌సర్టెన్ అయింది. మొదటి వాక్యం ఇప్పుడిట్ల ఉంది: ‘రెయిన్‌ఫాల్ ఇన్ ది డిస్ట్రిక్ట్ హ్యాజ్ బికమ్ ఇంక్రీజింగ్లీ ఇర్యాటిక్’. సరేనా?

పెన్నేరు

‘ఇంక్రీజింగ్లీ’ అన్నారు, అంటే మునుపటికంటే ఎక్కువైందని. దానికి రెండు పట్టికలు కావాలి. పాత ముప్పై ఏళ్ల శాతం ఒకటి, తర్వాతి ముప్పై ఏళ్ల శాతం ఒకటి, నెలవారీగా. మీ దగ్గర రెండూ ఉన్నాయా?

బుడ్డలచేను

ఒకటే ఉండాది సార్. ‘ఇంక్రీజింగ్లీ’ తీసేస్తాండా. ‘హ్యాజ్ బికమ్’ కూడా పోతుంది గదా, ‘ఈజ్’ అని పెడతా.